శరణార్థులు, ఉగ్రదాడి బాధితులు, బాక్సింగ్ రింగు: ఆట ఏం ఇస్తుంది, ఏం ఇవ్వలేదు

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ మహిళల బాక్సింగ్ 75 కిలోల విభాగంలో సిండీ న్గంబా కాంస్య పతకం గెలిచింది. ఆమె ఏ దేశం తరఫునా ఆడలేదు. శరణార్థుల ఒలింపిక్ జట్టు తరఫున దిగింది. ఆ జట్టుకు ఒలింపిక్స్‌లో అదే తొలి పతకం. కొన్ని రోజులకే అదే పారిస్‌లో జరిగిన పారాలింపిక్స్‌లో అఫ్ఘానిస్తాన్‌కు చెందిన జకియా ఖుదాదాదీ తైక్వాండోలో కాంస్యం గెలిచింది. శరణార్థుల పారాలింపిక్ జట్టుకూ అదే తొలి పతకం. రెండూ దెబ్బకు దెబ్బ ఇచ్చే ఆటల్లోనే వచ్చాయి.

ఆదోని, ఎమ్మిగనూరు, సి.బెళగల్ వైపు కూడా పిల్లల్ని కరాటేకో, తైక్వాండోకో పంపే తల్లిదండ్రులు ఉన్నారు. పాత తరం వాళ్లకు తాలింఖానా, పహిల్వాన్, ఉస్తాద్ అనే మాటలు కొత్త కాదు. అయితే శరణార్థి అంటే ఎవరు, బాంబు దాడిలో బతికి బయటపడినవాళ్లకు ఏ హక్కులు ఉంటాయి, ఇల్లు పోగొట్టుకున్న పిల్లలకు ఈ ఆటలు ఎందుకు నేర్పుతున్నారు అనే విషయాల్లో చాలామందికి గందరగోళం ఉంది. వాటి వివరాలు ఇవి.

వలస కూలీ వేరు, నిర్వాసితుడు వేరు, శరణార్థి వేరు

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో "సుగ్గికి పోవడం" అంటే అందరికీ తెలుసు. వానలు లేక పంట పోతే, ఊళ్లో పని దొరక్కపోతే కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని గుంటూరు మిరప తోటలకో, తెలంగాణ పత్తి చేలకో, బెంగళూరు కట్టడాల పనికో పోతాయి. ఉగాది దగ్గర పడ్డాక తిరిగి వస్తాయి. పోయే దారి కష్టమే. పిల్లల చదువు కూడా దెబ్బతింటుంది. కానీ వాళ్ల ఓటు ఊళ్లోనే ఉంటుంది, రేషన్ కార్డు ఉంటుంది, ఇల్లు ఉంటుంది. తిరిగొస్తే ఎవరూ చంపరు. వీళ్లు వలస కూలీలు.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు, మంత్రాలయం మునిగినప్పుడు వేల కుటుంబాలు ఇళ్లు వదిలి మిట్ట ప్రాంతాలకు, సహాయ శిబిరాలకు చేరాయి. ఇల్లు పోయింది గానీ దేశం దాటలేదు. ఇలా సొంత దేశంలోనే చెదిరిపోయినవాళ్లను నిర్వాసితులు అంటారు. వరదే కానక్కర్లేదు, యుద్ధం వల్ల సొంత దేశంలోనే చెదిరినవాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు.

శరణార్థి అంటే వేరే. 1951 నాటి ఐక్యరాజ్య సమితి ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం, ఈ ఐదింటిలో ఏదో ఒక కారణంగా తనను హింసిస్తారన్న గట్టి భయంతో దేశం దాటి, తిరిగి పోలేని మనిషి శరణార్థి. అలాంటి మనిషిని ప్రాణాపాయం ఉన్న చోటికి బలవంతంగా తిప్పి పంపకూడదన్నది ఆ ఒప్పందంలోని ముఖ్య సూత్రం.

ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ లెక్కల ప్రకారం 2024 చివరికి ప్రపంచంలో బలవంతంగా ఇల్లు వదిలినవాళ్లు 12.32 కోట్ల మంది. అందులో 7.35 కోట్ల మంది సొంత దేశంలోనే చెదిరినవాళ్లు. దేశం దాటిన శరణార్థులు 4.27 కోట్ల మంది. పాలస్తీనా శరణార్థుల బాగోగులు మాత్రం యూఎన్‌ఆర్‌డబ్ల్యూఏ అనే ప్రత్యేక సంస్థ చూస్తుంది. అది 1949లో ఏర్పడింది. గాజాలో ఉండేవాళ్లలో ఎక్కువ మంది 1948లో ఊళ్లు వదిలి వచ్చిన కుటుంబాల వాళ్లే.

తుంగభద్ర అవతలి ఒడ్డున

శరణార్థులంటే ఎక్కడో దూరదేశం సంగతి అనుకుంటారు. ఆదోని నుంచి తుంగభద్ర దాటి పోతే రాయచూరు జిల్లా సింధనూరు తాలూకా వస్తుంది. అక్కడ తూర్పు పాకిస్తాన్ నుంచి, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలకు ప్రభుత్వం భూమి ఇచ్చి పునరావాస క్యాంపులు కట్టించింది. ఇప్పుడు మూడో తరం అక్కడే పెరుగుతోంది. వరి పండిస్తారు, కన్నడ మాట్లాడతారు. అయినా కొన్ని కుటుంబాలకు పౌరసత్వం కాగితాలు దశాబ్దాల తరబడి తేలలేదు. భూమి దొరకడం ఒక ఎత్తు, కాగితం దొరకడం ఇంకో ఎత్తు అని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

తెలుగు ప్రాంతంలో ఎక్కువగా వినిపించే పేరు హైదరాబాద్ శివారు బాలాపూర్. మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు అక్కడ, చుట్టుపక్కల బస్తీల్లో ఉంటున్నాయి. 1982లో మయన్మార్ తెచ్చిన పౌరసత్వ చట్టం వాళ్లలో దాదాపు అందర్నీ ఏ దేశానికీ చెందనివాళ్లను చేసింది. 2012 హింస తర్వాత కొందరు, 2017 ఆగస్టు సైనిక దాడుల తర్వాత 7 లక్షల మందికి పైగా దేశం విడిచారు. వీళ్లలో ఎక్కువ మంది బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల్లో ఉన్నారు.

1951 ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టం కూడా మన దగ్గర లేదు. యూఎన్‌హెచ్‌సీఆర్ ఇచ్చే కార్డు గుర్తింపుకు పనికొస్తుంది గానీ చట్టం దృష్టిలో వాళ్లు విదేశీయులే. 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు జమ్మూ రోహింగ్యాల కేసులో ఒక విషయం తేల్చి చెప్పింది. సమానత్వం, ప్రాణరక్షణ హక్కులు పౌరులు కానివాళ్లకూ ఉంటాయి, కానీ దేశంలో నివాసం ఉండే హక్కు పౌరులకే. చట్టప్రకారం విధానం పాటించి వెనక్కి పంపొచ్చని కూడా చెప్పింది. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ రోహింగ్యా పిల్లల చదువు గురించి వచ్చిన కేసులో, ముందు ప్రభుత్వ బడికి పోయి అడగాలని, చేర్చుకోకపోతే హైకోర్టుకు పోవచ్చని చెప్పింది.

ఇదంతా ఆటకు ఎందుకు సంబంధం అంటే, బస్తీలో ప్రాక్టీసుకు కాగితం అక్కర్లేదు. పోటీకి మాత్రం కావాలి. వయసు సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్, దేశం దాటి పోవాలంటే పాస్‌పోర్టు. ఎంత బాగా ఆడినా ఇక్కడ దారి ఆగిపోతుంది.

బతికి బయటపడినవాళ్ల లెక్క

ఉగ్రదాడి జరిగిన రోజు చనిపోయినవాళ్ల సంఖ్య టీవీలో వస్తుంది. గాయపడినవాళ్ల బతుకు ఆ తర్వాత ముప్పై, నలభై ఏళ్లు నడుస్తుంది. ఆ సంగతి ఎవరికీ పట్టదు. అందుకే ఐక్యరాజ్య సమితి 2017లో తీర్మానం చేసి ప్రతి ఏడాది ఆగస్టు 21ని ఉగ్రవాద బాధితుల స్మారక దినంగా ప్రకటించింది.

హైదరాబాద్‌కు ఇది సొంత అనుభవం. 2007 మే 18న శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది చనిపోయారు. తర్వాత బయట పోలీసు కాల్పుల్లో ఇంకో 5 మంది పోయారు. అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ దగ్గర పేలుళ్లలో 40 మందికి పైగా చనిపోయారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్లీ అదే జరిగింది. దిల్‌సుఖ్‌నగర్ కేసులో కింది కోర్టు 2016లో ఐదుగురికి ఉరిశిక్ష వేసింది, తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో దాన్ని సమర్థించింది. మక్కా మసీదు కేసులో మాత్రం 2018 ఏప్రిల్ 16న ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులుగా వదిలేసింది. అంతకుముందు, పేలుడు జరిగిన కొత్తలో పాతబస్తీ ముస్లిం యువకుల్ని చాలామందిని పట్టుకుపోయారు. వాళ్లు కూడా తర్వాత నిర్దోషులుగా బయటపడ్డారు. బాంబుకు గాయపడినవాళ్లు, తప్పుడు అనుమానానికి జైలు చూసినవాళ్లు ఒకే మొహల్లాలో ఉండడం ఆ కేసు మిగిల్చిన బరువు.

బాధితులకు చట్టంలో రెండు దారులు ఉన్నాయి. మొదటిది కేంద్ర హోంశాఖ పథకం. ఉగ్రదాడి, మతహింస, మావోయిస్టు హింస లాంటి వాటిలో చనిపోయిన పౌరుల కుటుంబాలకు, శాశ్వతంగా వికలాంగులైనవాళ్లకు ఇది వర్తిస్తుంది. 2008లో మొదలైనప్పుడు సాయం రూ.3 లక్షలు, 2016లో రూ.5 లక్షలకు పెంచారు. దరఖాస్తు జిల్లా కలెక్టర్ ద్వారా పోతుంది. రెండోది నేర బాధితుల పరిహారం. పాత సీఆర్‌పీసీలో ఇది 357ఏ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 396వ సెక్షన్. దీనికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవాలి. నేరస్థుడు దొరక్కపోయినా, కేసు విచారణకు రాకపోయినా అడిగే హక్కు ఉంటుంది.

ఒంటి గాయం తర్వాత ఆటలోకి వచ్చినవాళ్లు ఉన్నారు. 2005 జులై 7న లండన్ మెట్రో రైల్లో పేలుడుకు రెండు కాళ్లూ పోగొట్టుకున్న మార్టిన్ రైట్, 2012 లండన్ పారాలింపిక్స్‌లో బ్రిటన్ సిట్టింగ్ వాలీబాల్ జట్టులో ఆడింది. ఆమె దాకా రావడానికి వెనక ఆసుపత్రి, కృత్రిమ కాళ్లు, కోచ్, పెన్షన్ అన్నీ ఉన్నాయి. ఒక్క మనోధైర్యం మీద నడిచిన కథ అనుకుంటే పొరపాటు.

శిబిరంలో కొట్టుకునే ఆట ఎందుకు?

హింస చూసిన పిల్లలకు మళ్లీ కొట్టడం నేర్పడమేంది అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఆ ఆటల పద్ధతిలో ఉంది.

వీధి కొట్లాటకు నియమం లేదు. తైక్వాండోలో ముందు తలవంచి నమస్కారం చేస్తారు, రెఫరీ ఆపు అంటే చెయ్యి ఆగాలి. జూడోలో ఎదుటివాడు నేలను తట్టితే వెంటనే వదిలేయాలి. ఆపడం చేతికి అలవాటు చేయడమే ఇక్కడ అసలు శిక్షణ. రెండోది, బెల్టు. శిబిరంలో ఇల్లు మారొచ్చు, బడి మూతపడొచ్చు, సంపాదించిన బెల్టును ఎవరూ తీసుకోలేరు. మూడోది, ఖర్చు. ఒక చాప, ఒక కోచ్ ఉంటే చాలు, మైదానం అక్కర్లేదు.

సిరియా యుద్ధం నుంచి పారిపోయినవాళ్ల కోసం 2014లో జోర్డాన్ ఎడారిలో అజ్రక్ శిబిరం తెరిచారు. ప్రపంచ తైక్వాండో సమాఖ్య 2016లో పెట్టిన తైక్వాండో హ్యుమానిటేరియన్ ఫౌండేషన్ అక్కడ శిక్షణ కేంద్రం నడుపుతోంది. ఆ శిబిరంలో ఆట నేర్చుకున్న యహ్యా అల్ ఘోటానీ పారిస్ ఒలింపిక్స్‌లో శరణార్థుల జట్టు జెండా పట్టుకున్నాడు. అతని పక్కన రెండో జెండాధారి సిండీ న్గంబానే.

ఇరాక్‌లో యజీదీల కథ ఇంకా కఠినమైనది. 2014 ఆగస్టు 3న ఐసిస్ ముఠా సింజార్ మీద పడింది. మగవాళ్లను వేలల్లో చంపింది, ఆడవాళ్లను, చిన్న పిల్లల్ని బానిసలుగా అమ్మింది. దీన్ని జాతినిర్మూలనగా ఐక్యరాజ్య సమితి విచారణ సంఘం 2016లో తేల్చింది. ప్రాణాలతో బయటపడి దుహోక్ ప్రాంతంలోని ర్వాంగా శిబిరంలో ఉన్న అమ్మాయిల కోసం లోటస్ ఫ్లవర్ అనే సంస్థ 2018లో "బాక్సింగ్ సిస్టర్స్" పేరుతో శిక్షణ మొదలుపెట్టింది. బ్రిటన్ మాజీ బాక్సర్ క్యాథీ బ్రౌన్ అక్కడికి పోయి, శిబిరంలోని అమ్మాయిలే తోటివాళ్లకు నేర్పేలా తయారు చేసింది. తన ఒంటి మీద తనకే అధికారం లేకుండా చేసిన చోట, పిడికిలి బిగించడం కూడా ఒక తిరిగి రావడమే. వీళ్లు దేశం దాటలేదు కాబట్టి చట్టం లెక్కలో శరణార్థులు కారు, నిర్వాసితులు. అందువల్లే శరణార్థుల ఒలింపిక్ జట్టు తలుపు వీళ్లకు తెరుచుకోదు.

పాలస్తీనా తరఫున ఒలింపిక్స్‌లో ఆడిన మొదటి బాక్సర్ వసీమ్ అబూ సల్. అతనిది వెస్ట్ బ్యాంక్‌లోని రమల్లా. పారిస్‌లో 57 కిలోల విభాగంలో దిగాడు. అతని కోచ్ గాజా మనిషి. ఆంక్షల వల్ల కోచ్ కైరోలో ఉండి ఫోన్‌లోనే శిక్షణ ఇచ్చాడు.

శరణార్థుల జట్టు ఎలా ఏర్పడుతుంది

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఈ జట్టును మొదట 2016 రియోలో దింపింది. అప్పుడు 10 మంది. అందులో కాంగో నుంచి వచ్చి బ్రెజిల్‌లో తలదాచుకున్న ఇద్దరు జూడో ఆటగాళ్లు పొపోలే మిసెంగా, యోలాండే మబికా ఉన్నారు. టోక్యోలో 29 మంది, పారిస్‌లో 37 మంది ఆడారు. శరణార్థి హోదా ఉన్నట్టు యూఎన్‌హెచ్‌సీఆర్ నిర్ధారించాలి, ఆశ్రయం ఇచ్చిన దేశపు ఒలింపిక్ కమిటీ సహకరించాలి, ఆట స్థాయి సరిపోవాలి. ఎంపికైనవాళ్లకు ముందుగా స్కాలర్‌షిప్ వస్తుంది.

సిండీ కథలో కాగితం విలువ తెలుస్తుంది. కామెరూన్‌లో పుట్టింది. చిన్నప్పుడే బ్రిటన్‌లోని బోల్టన్‌కు వచ్చింది. ఆమె కాగితాలు పోయాయి. ఇరవై ఏళ్ల వయసులో అధికారులు ఆమెను నిర్బంధ కేంద్రానికి తరలించారు. స్వలింగ సంబంధాలు నేరంగా ఉన్న దేశానికి పంపితే ప్రమాదమన్న కారణంతో తర్వాత ఆశ్రయం దొరికింది. ఇంగ్లండ్ జాతీయ టైటిళ్లు మూడు వేర్వేరు బరువుల్లో గెలిచినా, పాస్‌పోర్టు లేక బ్రిటన్ తరఫున ఒలింపిక్స్ ఆడలేకపోయింది. ఇరాన్ తైక్వాండో క్రీడాకారిణి కీమియా అలీజాదే దారి ఇంకోలా సాగింది. 2016లో ఇరాన్‌కు కాంస్యం, టోక్యోలో శరణార్థుల జట్టు, ఆ తర్వాత బల్గేరియా పౌరసత్వం, పారిస్‌లో బల్గేరియాకు కాంస్యం. ఆమె ఆట మారలేదు, చేతిలో కాగితం మారింది.

నిజామాబాద్ నుంచి నేర్చుకోవాల్సింది

తెలుగు నేల మీద ఈ ఆటకు పెద్ద పేరు తెచ్చింది నిజామాబాద్. అక్కడ పుట్టిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. 2022 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచింది. అదే ఊరి మహ్మద్ హుస్సాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చాడు. అతని తండ్రి ఊళ్లోనే బాక్సింగ్ నేర్పేవారు, నిఖత్ కూడా ఆయన దగ్గర నేర్చుకుంది. పారిస్‌లో పతకం రాకపోయినా నిఖత్‌కు తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ ఉద్యోగం వచ్చింది. ఒక చిన్న ఊరి రింగు నుంచి అంత దూరం పోవడానికి ఆమెకు ఇల్లు, బడి, పాస్‌పోర్టు, ప్రభుత్వం అండగా ఉన్నాయి. అంతే ప్రతిభ ఉన్న పిల్ల బాలాపూర్ గుడిసెలో ఉంటే ఆ నాలుగింటిలో ఏదీ ఖాయం కాదు.

పిల్లల్ని చేర్చే ముందు చూడాల్సినవి

ఈ ఆటల్లో ప్రమాదం లేదని చెప్పడం అబద్ధం. తలకు తగిలే దెబ్బ ముఖ్యం. హెడ్‌గార్డ్ కోతలు, గీతలు తగ్గిస్తుంది గానీ మెదడు కుదుపును పూర్తిగా ఆపలేదు. తలకు దెబ్బ తగిలి నాకౌట్ అయిన బాక్సర్‌ను కనీసం 30 రోజులు రింగులోకి రానివ్వకూడదన్నది పాత నియమం. కళ్లు తిరగడం, వాంతులు, మతిమరుపు కనిపిస్తే ఆట ఆపి ఆసుపత్రికి పోవాలి.

బరువు తగ్గించడానికి పిల్లలకు నీళ్లు మాన్పించే కోచ్‌లను దూరం పెట్టాలి. పారిస్‌లో వినేశ్ ఫోగాట్ రాత్రంతా కష్టపడినా 100 గ్రాములు ఎక్కువై ఫైనల్ రోజున అనర్హురాలైంది. పెద్దవాళ్లకే అంత కష్టమైన పని పదమూడేళ్ల పిల్లాడితో చేయించకూడదు.

2016లో చెచెన్యా రాజధాని గ్రోజ్నీలో పది, పదకొండేళ్లు కూడా దాటని పిల్లల్ని హెడ్‌గార్డ్ లేకుండా బోనులోకి దింపి టీవీలో చూపించారు. చెచెన్యా అధినేత కొడుకులూ అందులో ఉన్నారు. రష్యా మేటి ఫైటర్ ఫెదోర్ ఎమెలియానెంకోనే దాన్ని తప్పుపట్టాడు. చూసేవాళ్ల కోసం పిల్లలు కొట్టుకుంటే దాన్ని ఆట అనరు.

భయం చూసిన పిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. పెద్ద శబ్దానికి ఉలిక్కిపడే పిల్లను, తాకితే బిగుసుకుపోయే పిల్లను ముందు జంట పోటీకి దింపకూడదు. చెప్పి, అడిగి, ఆ తర్వాతే పట్టు చూపించాలి. రాత్రి నిద్ర పట్టకపోవడం, పీడకలలు, మాట్లాడకపోవడం నెలల తరబడి ఉంటే కోచ్ సరిపోడు, డాక్టర్ కావాలి. టెలి మానస్ 14416కు తెలుగులో కూడా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. శిక్షణ చోట పిల్లలపై వేధింపు జరిగితే 1098కి చెప్పాలి.

ఆట చేసేది, చట్టం చేయాల్సింది

ఆట పిల్లలకు రోజుకు రెండు గంటలు ఒక పద్ధతి ఇస్తుంది, స్నేహితుల్ని ఇస్తుంది, భయపడిన ఒంటిని మళ్లీ సొంతం చేస్తుంది. అజ్రక్‌లోనూ ర్వాంగాలోనూ కనిపిస్తున్నది అదే. కానీ ఇల్లు, పౌరసత్వం, పరిహారం, వైద్యం ఇచ్చే శక్తి ఆటకు లేదు. అవి ప్రభుత్వాలు, కోర్టులు ఇవ్వాల్సినవి. పతకం గెలిచిన ఒక్క శరణార్థి ఫొటో చూసి, మిగతా 4 కోట్ల మంది సంగతి బాగానే ఉందనుకోవడానికి లేదు.

పడమటి కర్నూలు మండలాల్లో ఊరు విడవడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. సుగ్గికి పోయిన కుటుంబానికి ఉగాదికి తిరిగి రావడానికి ఒక ఊరు ఉంటుంది. శరణార్థికి లేనిది అదే.